రోహిణీ కార్తెలో మధ్యాహ్నపు పాటు

మా ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్లు కావాలా అని మూడుసార్లు అడుగుతాను. మొదటిసారి వద్దంటే నమ్మను. రెండోసారి వద్దంటే మొహంలోకి చూస్తాను. మూడోసారి అడగడం పేరుకే, అప్పటికే గ్లాసు చేతిలో పెట్టేస్తాను. మా ఆయన నాకు చలివేంద్రం అని పేరు పెట్టాడు. కొరియర్ తెచ్చినవాళ్లనీ కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాళ్లనీ కూడా వదలనని బెజవాడ భవానీపురంలో మా వీధి మొత్తానికి తెలుసు. నవ్వుకుంటే నవ్వుకోనీ. ఒక శుక్రవారం నేను ఒక్కసారే అడిగి ఊరుకున్నాను. ఆ సంగతి రాయడానికే కూర్చున్నాను.

నేను డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. ముప్పై ఆరేళ్లొచ్చాక పీహెచ్‌డీకి చేరాను. నా విషయం గుల్లలు. సముద్రం ఒడ్డున బురదలో బతికే, రెండు చిప్పల మధ్య మెత్తటి కండ ఉండే ప్రాణులు. మాది పప్పుచారు కుటుంబం. మూడు తరాలుగా బడిపంతుళ్లం. మా వంశంలో గుల్ల మొహం చూసినవాళ్లు లేరు. నేను మోకాళ్లదాకా బురదతో ఇంటికొచ్చిన రోజున మా అమ్మ గుమ్మంలోనే నిలబెట్టి, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అంది. ఆ సామెత నా మీద ఇంత అక్షరాలా అతుకుతుందని ఆవిడా అనుకుని ఉండదు.

నేను కనుక్కోవాలనుకున్నది చిన్న సంగతే. కృష్ణ సముద్రంలో కలిసే చోట బురదమేటలు మైళ్ల కొద్దీ ఉంటాయి. రోజుకు రెండుసార్లు సముద్రం వెనక్కి తగ్గుతుంది. దాన్ని అక్కడ పాటు అంటారు. తిరిగి రావడం పోటు. పాటు పడగానే చేప నీళ్లతోనే పోతుంది, పీత బొరియలోకి పోతుంది. గుల్ల ఎక్కడికీ పోలేదు. దానికున్నవి రెండు తలుపులు, అంతే. వాటిని మూసుకుని, లోపల మిగిలిన గుక్కెడు నీళ్లతో కూర్చుంటుంది. ఆ గుక్కెడు నీళ్లలో ప్రాణవాయువు కాసేపటికే అయిపోతుంది. అప్పుడు అది గుండెను నెమ్మది చేసుకుంటుంది. ప్రాణవాయువు లేకుండానే ఒంట్లో ఉన్న నిల్వతో బండి లాగుతుంది. అలా లాగితే ఒళ్లంతా ఆమ్లం పేరుకుంటుంది. దాన్ని విరగ్గొట్టడానికి తన చిప్పలోంచే కాస్త సున్నం కరిగించుకుంటుంది. ఉన్న ఇల్లు కాస్త కాస్త కరిగించి తినడమన్నమాట.

ఎండాకాలంలో అసలు చిక్కు వస్తుంది. వేడి పెరిగేకొద్దీ ఒంటికి ప్రాణవాయువు ఎక్కువ కావాలి, లోపల చూస్తే బొత్తిగా లేదు. తలుపు కాస్త తెరిస్తే గాలి వస్తుంది కానీ ఉన్న తడి ఆరిపోతుంది. మూసుకునే ఉంటే ఊపిరాడదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పోటు వచ్చి నీళ్లు తగిలాక దాని గుండె మామూలుకన్నా వేగంగా కొట్టుకుంటుంది, పోగొట్టుకున్నదంతా రాబట్టుకోవాలన్నట్టు. ఒక్కసారిగా అందిన ఆ ప్రాణవాయువు కూడా ఒంటికి కొంత చెరుపు చేస్తుంది. ఊపిరి అందకపోయినా దెబ్బే, అందినా దెబ్బే. ఇదంతా ఎంత ఎండకు ఎంతసేపు నడుస్తుందో తెలియాలంటే, పాటు మొదలైనప్పటి నుంచి పోటు వచ్చేదాకా ఒక్క గుల్ల గుండె చప్పుడు తెగకుండా రికార్డు చేయాలి. గుల్ల మీద చిన్న సెన్సరు అతికిస్తే, తీగ ద్వారా ఒక పెట్టెలోకి గుండె కొట్టుకోవడం నమోదవుతుంది. ఆ పెట్టెకు లాప్‌టాప్ తగిలిస్తే గీతలా కనబడుతుంది.

ఆ మేటల మీద నాకు కాళ్లూ కళ్లూ అయింది ఒక అక్క. నాగాయలంక దాటి కరకట్ట మీదుగా చివరిదాకా పోతే వాళ్ల పేట, రేకుల చర్చి పక్కన పది పదిహేను ఇళ్లు. యాభై దాటిన మనిషి. పదేళ్లప్పటి నుంచి గుల్లలేరడమే పని. బురదలో కాలి వేళ్లతో తడిమి, వంగకుండానే ఎక్కడ ఏ గుల్ల ఉందో చెప్పేది. వాళ్లాయన గెడ వేసి పడవ నడిపేవాడు. మొదటి రోజు నేను బురదలో దిగబడి కదల్లేక నిలబడిపోతే, ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని కడుపారా నవ్వింది.

"సదువుకున్న కాళ్లండి, బురదకి కొత్త" అంది వాళ్లాయనతో.

బతికిన గుల్లకీ చచ్చిన గుల్లకీ తేడా తెలుసుకోవడం నాకు నేర్పింది ఆమే. చచ్చిన గుల్ల నోరు తెరుచుకుని ఉంటుందని నేను పుస్తకాల్లో చదివాను. అన్నీ అలా ఉండవు. కొన్ని బురదతో నిండిపోయి మూసుకునే ఉంటాయి. అలాంటిది ఒక్కటి గంపలో పడితే మొత్తం కంపు కొడుతుంది. అందుకే ఆమె ఏరిన ప్రతి గుల్లనీ ఇంకో గుల్లతో టక్కుమని కొట్టి చెవి దగ్గర పెట్టుకునేది. నా పెట్టె పావుగంటకు చెప్పేది ఆమె చెవి అప్పటికప్పుడు చెప్పేసేది.

నేను మొదటిసారి లాప్‌టాప్‌లో గుండె గీత చూపించినప్పుడు ఆమె గంప దించి తెర మీదికి వంగింది.

"గుల్లకి గుండె ఉంటదాండి?" అంది చివరికి.

"ఉంటుంది అక్కా. చూడు, కొట్టుకుంటోంది."

"అయ్యో నా తండ్రీ. ఇన్నేళ్ల నుంచి ఎన్ని గుండెలు ఉడకేసేనో!"

ఆ రోజు గంప ఖాళీగానే ఇంటికి తీసుకుపోయింది. మర్నాడు మళ్లీ ఏరుతుంటే, ఏమక్కా అని ఏడిపించాను. "ఏరకపోతే మన గుండె ఆగిపోద్ది కదండి" అంది. కానీ ఆ రోజు నుంచి పని మధ్యలో రెండుమూడుసార్లు వచ్చి, చీర చెంగుతో చేతులు తుడుచుకుని, ఆ గీతను చూసి వెళ్లేది. దాన్ని లెక్క అనేది. నేను ఎంచుకున్న గుల్లకు రక్తం మనలాగే ఎర్రగా ఉంటుంది. ఆ జాతుల్లో అది అరుదు. ఆ సంగతి ఆమెకు ముందే తెలుసు. గుండె ఉందని మాత్రం తెలియదు.

ఆమెతో నాకు చనువు పెరిగిందనే అనుకున్నాను. ఇంట్లో మా అత్తగారి మీద చెప్పుకోలేని మాటలు పడవలో ఆమెతో చెప్పుకునేదాన్ని. ఆమె మాత్రం నన్ను మేడంగారూ అనడం మానలేదు.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఒక్క రికార్డూ పూర్తిగా రాలేదు. ఒకసారి జిగురు వేడికి ఊడిపోయింది. ఒకసారి పీత తీగను కొరికేసింది. ఇంకోసారి అంతా బాగుందనుకుని ఇంటికొచ్చి చూస్తే పెట్టెలో మెమరీ కార్డు సరిగ్గా బిగించలేదు. అప్పటికే నా గడువు రెండుసార్లు పొడిగించారు. జూన్ లోపల చూపించకపోతే రిజిస్ట్రేషన్ పోతుందని మా గైడు మర్యాదగానే చెప్పారు. ఏప్రిల్ మధ్యలో ఒక ఆదివారం పడవలో తిరిగి వస్తూ ఆపుకోలేక ఏడ్చేశాను. అక్క గంప పక్కకు జరిపి, వచ్చి నా పక్కన కూర్చుని, ఒడ్డు వచ్చేదాకా నా వీపు మీద చెయ్యి తీయలేదు.

ఇప్పుడు సీసా సంగతి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగా ఉంది. మే నెలలో ఒకరోజు మేట మీద ఆమె నా నీళ్ల సీసా తీసుకుని తాగింది. ఎప్పుడూ ఎత్తి పోసుకునేది, ఆ రోజు గాలికి చెయ్యి కదిలి సీసా మూతి పెదవికి తగిలింది. నాకు తిరిగిచ్చింది. నేను తాగబోయే ముందు సీసా మూతిని చున్నీతో తుడిచాను. ఆలోచించి చేసింది కాదు. మా ఇంట్లో మా చెల్లెలు తాగిన సీసా అయినా అలాగే తుడుస్తాను, చిన్నప్పటి నుంచి ఎంగిలి అని నూరిపోసిన చెయ్యి అది. కానీ తలెత్తేసరికి ఆమె నా చేతి వంకే చూస్తోంది. వెంటనే చూపు తిప్పేసుకుంది. ఎంగిలి పట్టింపు మా చెల్లెలి విషయంలో ఒకటి, గుల్లలేరే క్రైస్తవ పేట మనిషి విషయంలో ఇంకొకటి. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఏదైనా అని ఉండాల్సింది. ఏం అనాలో తెలియక గుల్లల గురించి ఏదో వాగాను.

రోహిణీ కార్తె వచ్చింది. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. బెజవాడలో తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. నాకు కావలసింది సరిగ్గా ఆ ఎండే. మిట్టమధ్యాహ్నం పాటు ఉండే రోజులు పక్షానికి మూడో నాలుగో వస్తాయి. ఆ కార్తెలో నాకు మిగిలినవి అవే. కానీ ఆ పేటలో ఒక కట్టుబాటు ఉంది. రోహిణిలో మధ్యాహ్నపు పాటుకు ఎవరూ మేట మీద కాలు పెట్టరు. పొద్దుటి పాటుకో సాయంత్రపు పాటుకో పోతారు, లేదా మానేస్తారు.

గురువారం వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చుని అడిగాను. "రేపొక్కరోజు అక్కా. ఇంకెప్పుడూ అడగను."

"మజ్జానప్పాటుకాండి?" అంది. కాసేపు నా మొహం చూసింది. "సరే, వత్తాను."

లోపల్నించి వాళ్లాయన వచ్చాడు. "రేపు శుక్రారం కదే" అన్నాడు.

"నువ్వూరుకో" అంది ఆమె, అతని వైపు చూడకుండానే.

శుక్రవారం చర్చిలో సాయంత్రం ప్రార్థన ఉంటుందని నాకు తెలుసు. అతని అడ్డు అదే అనుకున్నాను. "సాయంత్రం ప్రార్థన టైముకి తిరిగొచ్చేస్తాంలే బాబాయ్" అని భరోసా కూడా ఇచ్చాను. అతను నన్నొకసారి చూసి బయటికి వెళ్లిపోయాడు. ఆ చూపును అప్పుడు చూడనట్టు నటించాను, ఇప్పుడు మాత్రం రోజూ కనబడుతుంది.

శుక్రవారం నాడు నేను అక్కడికి వెళ్లడం అదే మొదటిసారి. మామూలుగా ఆ రోజు కాలేజీలో ఏదో ఒక పని ఉండేది. అక్క తలకు నూనె రాసి నున్నగా దువ్వుకుంది. మొహం కడుక్కుని పౌడరు వేసుకుంది. ఉతికిన చీర కట్టింది. బురదలో దిగే మనిషి ఇలా తయారై రావడం ఎప్పుడూ చూడలేదు.

"ఏంటక్కా, పెళ్లికి బయల్దేరావా?"

"గుల్ల పెళ్లండి" అని నవ్వింది.

పడవను కాలవలో ఆపాం. నీళ్లు తీసేస్తే పడవ అక్కడే నేలకు ఆనిపోతుంది, మళ్లీ పోటు వచ్చేదాకా కదలదు. వాళ్లాయన పడవలో గోనెపట్టా నీడన ఉండిపోయాడు. మేమిద్దరం అరకిలోమీటరు బురదలో నడిచి మేట నడిమధ్యకు వెళ్లాం. సెన్సర్లు అతికించాం. పెట్టెను రాటకు కట్టాం. నా దగ్గర ఒకటే గొడుగు. దాన్ని ఇంకో రాటకు కట్టి లాప్‌టాప్ మీద నీడ పట్టాను, ఎండలో తెర కనబడదని, బ్యాటరీ వేడెక్కుతుందని. నేను దాని ముందు చతికిలబడ్డాను, గొడుగులో సగం నాకూ వచ్చింది. అక్క తల మీద తడి తువ్వాలు వేసుకుని, పీతలు తీగల జోలికి రాకుండా చూస్తూ అటూ ఇటూ తిరుగుతోంది.

పదకొండింటికి అడిగాను. "నీళ్లు తాగుతావా అక్కా?"

"ఇప్పుడొద్దండి. తాగే వచ్చాను."

అంటూ సీసా వైపు చూసింది. సీసా మూతి వైపు చూసినట్టనిపించింది నాకు. కిందటిసారి నేను తుడిచింది గుర్తు పెట్టుకుందని, అభిమానం గల మనిషి కాబట్టి ఇక నా సీసా ముట్టదని అనుకున్నాను. సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. ఇంకోసారి అడిగితే ఆ సంగతి మా ఇద్దరి మధ్యా నోటితో ఒప్పుకున్నట్టవుతుందని రెండోసారి అడగడానికి మొహం చెల్లలేదు. చేతిలో ఉన్న సీసా నేనే తాగేశాను. తర్వాత రెండోది కూడా సగం దాకా.

పన్నెండయింది. బురద మీంచి ఆవిరి లేస్తున్నట్టు దూరంలో మడ చెట్లు వణుకుతున్నాయి. తెర మీద గుండె నెమ్మదిస్తోంది. నిమిషానికి పది, ఆరు, మూడు. ఒంటిగంట దాటాక ఆగిపోయింది. అయిపోయింది, చచ్చిపోయింది అనుకున్నాను. కానీ గీత కింద ఎక్కడో వణుకు ఉందేమోనని ఆశ. రెప్ప వేయకుండా చూస్తున్నాను. ఐదు నిమిషాలు. ఎనిమిది. అప్పుడు నా ప్రాణాలన్నీ ఆ చిన్న గుల్ల మీదే ఉన్నాయి, ఆ మేట మీద ఇంకే ప్రాణమూ లేనట్టు. పదకొండో నిమిషంలో గీత ఒక్కసారి లేచింది. కాసేపటికి ఇంకోసారి.

"అక్కా! మళ్లీ కొట్టుకుంటోంది, రా, చూడు!" అని అరిచాను.

వెనక్కి తిరిగాను. ఆమె పది అడుగుల దూరంలో బురదలో కూర్చుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. కుడిచెయ్యి బురదలో అటూ ఇటూ తడుముతోంది, గుల్లలు ఏరుతున్నట్టు. చేతిలో ఏమీ లేదు. ఏమీ లేని ఆ చేతిని ఇంకో చేతికి కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది.

ఒంటి మీద చెయ్యి వేస్తే పెనం మీద వేసినట్టు కాలింది. చెమట చుక్క లేదు. పౌడరు పొడిగా అలాగే ఉంది. గొడుగు పీకేశాను, లాప్‌టాప్ బురదలో పడిపోయింది. మిగిలిన నీళ్లు ఆమె నోట్లో పోయబోతే పళ్లు బిగబట్టి మొహం పక్కకు తిప్పుకుంది. స్పృహ లేదు, ఆ ఒక్క పట్టు మాత్రం ఉంది. బలవంతాన దవడ పట్టుకుని పోస్తే ఉమ్మేసింది. ఎండదెబ్బకు మతి చలించి అలా చేస్తోందనుకున్నాను. ఆ నీళ్లు ఆమె తల మీదా ఛాతీ మీదా పోసి, గొంతు చించుకుని ఆమె భర్తను కేకేశాను.

అతను బురదలో పడుతూ లేస్తూ వచ్చాడు. ఇద్దరం ఎలా మోసుకుపోయామో నాకు గుర్తు లేదు. పడవ దగ్గరికి చేరాక తెలిసింది, కాలవలో మడమ లోతు నీళ్లు కూడా లేవు. పోటు రావాలి. గోనెపట్టాను ఆ కాసిని నీళ్లలో ముంచి ఆమె మీద కప్పుతూ, ఆరగానే మళ్లీ ముంచుతూ కూర్చున్నాం. అతను నా వైపు తిరగకుండా పట్టా సర్దుతున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాను. నా జన్మలో నీళ్లు అంత నెమ్మదిగా రావడం చూడలేదు. వేలెడు, బెత్తెడు. పడవ అడుగు కదిలి నీళ్ల మీద తేలినప్పుడు ఆమె ఊపిరి కుక్క రొప్పినట్టు ఎగశ్వాసగా ఉంది.

అక్క బతికింది. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. కానీ మెదడులో ఒంటి నిలకడను చూసే భాగం వేడికి దెబ్బతిందని, అది తిరిగి రావడం కష్టమని డాక్టరు చెప్పాడు. మాట ముద్దగా వస్తోంది. చేతులు వణుకుతున్నాయి. నడిస్తే పడవలో నిలబడ్డ మనిషిలా తూలుతోంది. కాలి వేళ్లతో గుల్లను పసిగట్టే మనిషికి అన్నం ముద్ద నోటికి చేరడం కష్టమైంది.

రాటకు కట్టిన పెట్టెను మర్నాడు వాళ్లాయన రాత్రి పాటుకు వెళ్లి విప్పి తెచ్చాడు. మంచినీళ్లతో కడిగి, తువ్వాల్లో చుట్టి, ఆసుపత్రి వరండాలో నా చేతికిచ్చాడు. ఇంటికొచ్చాక కార్డు తీసి చూశాను. అంతా ఉంది. పాటు మొదలైన దగ్గర్నుంచి పోటు వచ్చేదాకా ఒక్క చుక్క తెగకుండా, గుండె ఆగడం, లేవడం, నీళ్లు తగిలాక గుర్రంలా పరిగెత్తడం. ఒకటిన్నర దగ్గర నా చూపు నిలిచిపోయింది. అక్కడ గుల్ల గుండె లేస్తోంది, అక్కడే అక్క కూర్చుండిపోయింది.

ఆ ఫైలు తుడిచేశాను. కార్డులోంచీ, కంప్యూటర్లోంచీ, ఎక్కడా మిగల్చకుండా. ఆమె పడిపోయిన రోజు మీద నేను డిగ్రీ కట్టుకోను అనుకున్నాను. గైడుకి పెట్టెలో నీళ్లు చేరాయని చెప్పాను. నిజం రాస్తాను, ఆ తుడిచిన రాత్రి నేను కాస్త గొప్పదాన్నని కూడా అనిపించింది. నష్టపోయాను కదా, ఏదో తీరింది అన్నట్టు. మూడోసారి గడువిచ్చారు. డిసెంబరు చల్లని పొద్దుల్లో, వేరే మనుషుల సాయంతో, దొరికినన్ని ముక్కలు రికార్డు చేసి, వేడి మాట తగ్గించి రాసి ఇచ్చాను. సన్నటి పుస్తకం. డిగ్రీ వచ్చింది.

అన్నాళ్లూ ఆ పేటకు వెళ్లలేదు. ఫోన్లు చేశాను, మందులు పంపాను. డిసెంబరులో కూడా పడవ వేరే రేవు నుంచి ఎక్కాను. పిరికితనానికి ఇంకో పేరు పెట్టను. ఇంట్లో కుళాయి కట్టేశాక చుక్క చుక్కగా కారుతుంటే ఒకటి, రెండు అని లెక్కపెట్టేదాన్ని. ఆగితే ఊపిరి బిగపట్టేదాన్ని. బ్యారేజీ గేట్లు ఎత్తి నది తగ్గినప్పుడు భవానీపురం ఒడ్డు నుంచి బురద వాసన వస్తుంది. ఆ వాసన వస్తే కిటికీలు మూసేసేదాన్ని. ఎండలో బస్టాపులో ఎవరైనా పెద్దావిడ కూర్చుని ఉంటే, నుదుటి మీద చెమట ఉందో లేదో చూడకుండా దాటలేకపోయేదాన్ని. ఇప్పటికీ దాటలేను.

డిగ్రీ వచ్చిన నెలకు వెళ్లాను. గుమ్మంలో వాళ్ల అమ్మాయి ఎదురొచ్చింది. పక్క ఊరికి ఇచ్చిన పిల్ల, తల్లిని చూసుకోవడానికి వచ్చి ఉంటోంది. లోపలికి రమ్మనే ముందు అరుగు మీదే ఆపింది.

"ఆ రోజు మా అమ్మ ఎందుకు పడిపోయిందో మీకు తెలుసాండి?"

"నేను తీసుకెళ్లాను. ఆ ఎండలో నేనే తీసుకెళ్లాను."

"ఎండ మా అమ్మకి కొత్తా ఏంటండి. ఆ రోజు ఉపవాసం ఉంది. ముందు రోజు రాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా ముట్టదు. ఏడు శుక్రారాలు పట్టింది, అది ఏడోది."

సీసా గుర్తొచ్చింది. ఆమె నా సీసాను వద్దనలేదు, నీళ్లనే వద్దంది.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఎవరికీ చెప్పకూడదండి. మొహం వాడినట్టు కూడా కనపడకూడదు. నలుగురికీ తెలిస్తే ఇంక దేవుడి దాకా పోదంటది."

నూనె రాసిన తల, పౌడరు, ఉతికిన చీర. "దేనికోసం పట్టింది?" అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"మీ లెక్క కోసమేనండి" అంది ఆ పిల్ల, ఆశ్చర్యంగా. "పడవలో ఏడ్చారంట కదా. ఇంత సదువుకున్న తల్లి గుల్ల కోసం ఏడుత్తందే అని, ఆ వారం నుంచే మొదలెట్టింది."

లోపల ఏదో గిన్నె పడింది. అక్క గోడ పట్టుకుని, ఒక్కో అడుగు వెతుక్కుంటూ బయటికి వచ్చింది. చిక్కిపోయింది. నన్ను చూసి మొహమంతా నవ్వింది. మాట రావడానికి పెదవులు చాలాసేపు కష్టపడ్డాయి.

"మేడంగారూ... లెక్క... వచ్చిందా?"

"వచ్చిందక్కా. డిగ్రీ కూడా వచ్చింది."

"ఆ రోజుదేనా?"

తుడిచేశాను అనాలి. నీ పేరు చెప్పుకుని, నువ్వు ఏడు వారాలు దేవుణ్ణి అడిగి తెచ్చిన దాన్ని, నేను నా మనసు తేలిక చేసుకోవడానికి ఒక్క నొక్కుతో తుడిచేశాను అనాలి. ఆమె కళ్లు నా మొహం మీదే ఉన్నాయి.

"ఆ రోజుదే అక్కా" అన్నాను.

"సెప్పానా" అంది కూతురితో. తర్వాత నా వైపు చెయ్యి చాపింది. "సూపియ్యండి."

నా ఫోనులో ఉన్నవి డిసెంబరు గీతలు. ఒకటి తెరిచాను. ఆమె పక్కన అరుగు మీద కూర్చుని ఆమె ముందు పెట్టాను. చాలాసేపు చూసింది, మునుపు మేట మీద చూసినట్టే.

"నేను పడింది... ఎక్కడండి?"

ఆ గీతలో ఒకచోట సెన్సరు ఊడిపోయి ఖాళీ ఉంది. మళ్లీ అతికించేదాకా గీత చదునుగా పోయి, ఆ తర్వాత లేస్తుంది. నా వేలు అక్కడ పెట్టాను. "ఇక్కడ" అన్నాను.

ఆమె వేలు అక్కడ పెట్టబోయింది. వణుకుకు తెర జరిగిపోయింది. మళ్లీ పెట్టింది, మళ్లీ జరిగింది. నేను ఆమె మణికట్టు పట్టుకుని ఆ ఖాళీ మీద ఆనించాను. వేలు నిలిచింది.

"ఇక్కడ నేను పడ్డాను" అంది, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "ఇక్కడ... అది లేచింది. ఇన్నాడండి ఆయన."

కూతురు కళ్లు తుడుచుకుంది. ఆ బొమ్మ తన ఫోనుకి పంపమంది, ప్రింటు తీయించి ఫ్రేము కట్టిస్తామంది. అక్క నా మొహంలోకి చూస్తూ తలూపుతోంది. పంపాను.

అది ఇప్పుడు వాళ్ల ఇంట్లో బైబిలు వాక్యాల క్యాలెండరు పక్కన గోడకు ఉంది. డిసెంబరులో ఒక చల్లని పొద్దున, ఎవరూ పడిపోని రోజున తీసిన గీత. ఇంటికి ఎవరొచ్చినా అక్క గోడ పట్టుకుని లేచి వెళ్లి, తను ఎక్కడ పడిందో వేలు పెట్టి చూపిస్తుందట.